నీళ్ళత్త వేసిన నామినేషన్

పొద్దున అంగడి షట్టరు ఎత్తి, దేవుడి పటానికి అగరుబత్తి చూపించేలోపే ఫోన్లో ఫొటో వచ్చింది. దాని కింద తమిళంలో నాలుగు ముక్కలు. కన్నీటి అంజలి, పది అడుగులకు ఎనిమిది, మధ్యాహ్నానికల్లా కావాలి. ఫొటో పెద్దది చేసి చూశాను. మా ఊరి నీళ్ళత్త.

ఆమె పోయిందని నాకు తెలిసింది అట్లా. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఆర్డరు వచ్చింది, అంతే.

పుదుచ్చేరి ఉప్పళంలో నాది చిన్న అంగడి. జెరాక్సు తీస్తాను, అర్జీలు టైపు చేస్తాను, ఫ్లెక్సు బ్యానర్లు డిజైన్ చేసి ప్రింటుకు పంపిస్తాను. మా వైపు పెళ్ళయినా చావయినా నలుగురు నాయకుల మొహాలు బ్యానరెక్కాల్సిందే. కాసేపటికి ఆ ఫొటో పంపినతనే ఫోన్ చేశాడు. మా చిన్నాయన వెంట తిరిగే మనిషి.

"అన్నా, పైన వరసగా మన పెద్దలవి పదకొండు మొహాలు వస్తాయి. నడిమధ్యలో మీ చిన్నాయనది, కొంచెం పెద్దగా పెట్టండి. కింద పక్కన ఆ అమ్మది. చేతిలో ఏందో ఇనప కమ్మీ ఉండాది చూడండి, దాన్ని తీసేయండి. చూసేదానికి బాగా లేదు."

రాయాల్సిన మాటలు కూడా అతనే చెప్పాడు. ఊరి దాహం తీర్చిన తల్లి. ప్రజాసేవకే బతుకు అర్పించిన మా అమ్మ. బతికుండగా వాళ్ళలో ఒక్కడూ ఆమెను అమ్మ అనలేదు. ఆమె వీధి మలుపు తిరుగుతుంటే "వస్తా ఉండాది రా పీడ" అనుకునేవాళ్ళు. నా చెవులతో విన్నాను.

ఆ ఇనప కమ్మీ నీళ్ళ వాల్వు తిప్పే రాడ్డు. దాన్ని చెరిపాను. చెరిపాక ఆమె పిడికిలి ఉత్త గాలిని పట్టుకున్నట్టు కనబడింది. అందుకని భుజాల దాకా కోసేసి, కింద గులాబీలు అతికించాను. పైన పదకొండు మొహాలూ నవ్వుతున్నాయి. చావు బ్యానరుకని ఎవరూ వేరే ఫొటో దిగరు, ఓట్లు అడగడానికి దిగిన ఫొటోలే దీనికీ వాడతారు. పన్నెండింటికి ఫైలు ప్రింటుకు పంపించాను. తప్పని తెలిసిందని నేను ఎప్పుడూ ఏ పనీ ఆపినవాణ్ణి కాదు. ఆ సంగతి కూడా చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

మా ఊరు పట్టణానికి పడమట, బస్సులో ముప్పావుగంట. చెరకు, వరి, మధ్యలో ఇటుక బట్టీలు. అందులో రెండు వీధులు తెలుగువాళ్ళవి. ఎన్ని తరాల కిందట వచ్చామో ఎవరికీ సరిగా తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాటల్లో వీధిని కూడా తెరువనే అంటాం. పై వీధి భూములున్న మాది. దక్షిణపు వీధి కూలికి పోయేవాళ్ళది. తొట్టి నుంచి వచ్చే నీళ్ళ పైపు ముందు మా వీధిలోంచి పోయి, చివరన వాళ్ళ వీధి చేరుతుంది. నీళ్ళత్త ఆ చివరి వీధి మనిషి. నాకు చుట్టం కాదు. ఊరంతా అత్త అంటే నేనూ అన్నాను.

ఆమె భర్త పంచాయతీ నీళ్ళ తొట్టి దగ్గర మోటరు వేసే పనిలో ఉండి, గుండె ఆగి పోయాడు. ఆ పని ఈమెకిచ్చారు, రోజుకూలి మీద. పాతికేళ్ళు చేసింది. రోజుకూలిగానే చేరి రోజుకూలిగానే దిగిపోయింది.

టీ ఆకారంలో ఉండే ఆ రాడ్డును భుజాన వేసుకుని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పుల్లేకుండా వచ్చేది. వాల్వు గుంతలోకి రాడ్డు దించి రెండు చేతులా తిప్పేది. తర్వాత మోకాళ్ళ మీద వంగి పైపుకు చెవి ఆనించి కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకూడదు. బిందె కింద పెట్టిన చప్పుడు వినబడినా చేయెత్తి కసిరేది. "వస్తా ఉండాది," అని లేచేది. ఆ మాట అన్నాక వంద లెక్కబెట్టేలోపు కొళాయిలో నీళ్ళు దిగేవి. చిన్నప్పుడు మేము నిజంగానే లెక్కబెట్టేవాళ్ళం. తొంభై దాటింది చాలా తక్కువ.

మొదటి బిందె ఎవరిదైనా సరే, అందులోంచి ఒక దోసిలి తీసి నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మి, తలూపేది. తలూపితేనే మిగతావాళ్ళు పట్టుకోవాలి. ఒకసారి తలూపలేదు. "బాగానే ఉండాయి కదా," అంది మా అమ్మ. "ఏందో ఉండాది. గంట తాళు," అనేసి ఆమె తొట్టి మెట్లెక్కింది. లోపల పావురం చచ్చి పడుంది. దాన్ని తోకపట్టుకుని దించి, తొట్టి ఖాళీ చేసి, బ్లీచింగు వేసి కడిగి, మళ్ళీ నింపేసరికి సాయంత్రమైంది. ఊరంతా ఆమెనే తిట్టింది, నీళ్ళు ఆలస్యమయ్యాయని.

ఏ ఇంట్లోనూ కూర్చునేది కాదు. కాఫీ ఇస్తే తాగేది కాదు. ఎందుకత్తా అని అడిగితే, "తాగినానంటే ఆ ఇంటి ముందర చెయ్యి నిలిచిపోతుంది రా. రెండు చుట్లు ఎక్కువ తిప్పబుద్ధవుతుంది," అంది.

ఇంకో అలవాటు అర్జీలు. మా వైపు అర్జీని తమిళంలో లాగే మనువు అంటాం. ఆమెకు ఎప్పుడూ ఒక మనువు కావాలి. వాల్వు గుంతకు మూత లేదని ఒకటి, పైపు పగిలిందని ఒకటి. ఉప్పళానికి బస్సులో వచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్క మాట చెప్పి టైపు చేయించుకునేది. ఒకసారి నేను నవ్వుతూ, ఆంధ్రా వైపు మనువంటే పెళ్ళి అత్తా అని చెప్పాను. నోరు మూసుకుని భుజాలు అదిరేలా నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, "సర్కారోణ్ణి ఇంకోసారి మనువాడాల, రాయి," అనేది. చదువు రాదు. సంతకం మాత్రం తెలుగులో చేసేది. వాళ్ళ నాయన నేలమీద బూడిదలో వేలు పట్టి నేర్పించాడట. నాకు మా తాత తెలుగు అక్షరాలు నేర్పించాడు కాబట్టి, సంతకం పెట్టిన ప్రతిసారీ కాగితం నా వైపు తిప్పి, "నా పేరే కదా రా ఇది? వేరే ఎవరిదో కాదు కదా?" అని అడిగేది.

ఇక మా చిన్నాయన. మా నాన్న తమ్ముడు. తెల్ల చొక్కా, అంచున పార్టీ రంగున్న తెల్ల పంచె. ఎవరు కనబడినా రెండు చేతులూ జోడిస్తాడు, వయసుతో పని లేదు. గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. మా ఊళ్ళో రోజుకూలి పనులు ఎవరికి దొరకాలో, ఎవరివి ఊడాలో ఆయన జోడించిన ఆ చేతుల్లోనే ఉంటుంది.

ఆయన ఇంట్లో వీధి పైపుకు మోటరు పెట్టి నీళ్ళు లాగేవాళ్ళు. పెట్టకూడదు. ఒక ఇంట్లో మోటరు లాగితే పైపు చివరి వీధికి గాలి తప్ప ఏమీ పోదు. నీళ్ళత్త గేటు తీసుకుని నేరుగా పెరట్లోకి పోయి, మోటరుకు బిగించిన ట్యూబు పీకి, చుట్టచుట్టి, అరుగు మీద పెట్టి వచ్చేది. వారం తిరిగేలోపు మళ్ళీ ఉండేది. మళ్ళీ పీకేది. ఒక వేసవిలో ఆమెకు ఓపిక నశించి మా వీధి వాల్వే మూసేసింది. చిన్నాయన తొట్టి కిందికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"ఏందక్కా, మా తెరువుకు పొద్దున్నించి చుక్క లేదు?"

"మోటరు తీసేసినావా?"

"అది గేదెలకు అక్కా. నోరులేని జీవాలు, పాపం."

"ఆ కడపట తెరువులో నోరుండే జీవాలు ఉండాయి సామీ. వాళ్ళు తాగినాక గేదెలు తాగతాయి."

చిన్నాయన నవ్వాడు. చేతులు జోడించాడు. మోటరు తీయించాడు. పది రోజులకు మళ్ళీ పెట్టించాడు. కొన్నాళ్ళకు ఆమెకు వయసైపోయిందని పని మానిపించి, ఆ చోట తన మనిషిని పెట్టించాడు. వాడు రోజూ వచ్చే నీళ్ళను దక్షిణపు వీధికి వారానికి రెండుసార్లు చేశాడు. అదేమని అడిగితే భూమిలో నీళ్ళు అడుగంటాయన్నాడు. మా చిన్నాయన గేదెలు మాత్రం రోజూ స్నానం చేసేవి.

మా వైపు పంచాయతీ ఎన్నికలు జరిగి చాలా ఏళ్ళయింది. నా పెళ్ళికి ముందు ఒకసారి ఓటేసినట్టు గుర్తు. తర్వాత మెంబరు లేడు, ప్రెసిడెంటు లేడు, ఊరి పనులు ఆఫీసర్లూ నాయకులూ చూసుకునేవాళ్ళు. అట్లాంటిది ఒక ఏడు ఉన్నట్టుండి ఎన్నికలు ప్రకటించారు. మా ఊరి ప్రెసిడెంటు పదవి ఆడవాళ్ళకు కేటాయించారు. ఆ వారమే చిన్నాయన తన కోడలి ఫొటో తీయించి పోస్టరుకని నాకు పంపించాడు. చేతులు జోడించిన ఫొటో. ఆ పిల్ల పంతులమ్మ పనికి చదువుకుంది, నన్ను బావా అని పిలుస్తుంది. ఫోన్ చేసి, "బావా, నేను నిలబడతాననలా. నన్నెవురూ అడగలా," అంది. దానికి నేను చెప్పిన జవాబు, "ఫొటో బాగా వచ్చిందమ్మా," అని.

ఊళ్ళో పెద్దలు కూర్చుని పోటీ లేకుండా చేసుకుందామని తీర్మానించారు. ఊరికి ఐకమత్యం ఉందని చూపించాలట. దక్షిణపు వీధివాళ్ళను పిలిచి కూడా చెప్పారు. అందరూ తలలూపారు. నీళ్ళత్త మరునాడు బస్సెక్కి నా అంగడికి వచ్చింది.

"నామినేషను కాయితం నింపియ్యి," అంది, స్టూలు లాక్కుంటూ.

"ఎవరికత్తా?"

"నాకే. కొళాయి గుర్తు ఉంటుందంట కదా. అది కావాలని రాయి."

నేను నింపాను. పేరు, వయసు, తండ్రి పేరు. కేసులేమైనా ఉన్నాయా అనే చోట, "మీ చిన్నాయన మోటరు పీకినానే, అది కేసవుతుందా?" అని అడిగింది. ఆస్తి అనే చోట చాలాసేపు ఆలోచించి, తాటాకు ఇల్లు, రాడ్డు అని రాయమంది. ఆ రాడ్డు ఆమె భర్త సొంతంగా చేయించుకున్నది. పంచాయతీది కాదు. ఆ తేడా ఆమెకు ముఖ్యం.

చివరన ఆమె పేరును ప్రతిపాదించేవాళ్ళు సంతకం పెట్టే చోటు వచ్చింది. అదే ఊళ్ళో ఓటున్నవాళ్ళు పెట్టాలి.

"ముగ్గుర్ని అడిగినా. ముగ్గురూ మీ చిన్నాయన చెప్పిన చోట కూలికి పోయేవాళ్ళే. భయపడినారు. తప్పు లేదు. మా అన్న కూతురు పెడతానన్నింది, దాని ఓటు మొగుడి ఊళ్ళో ఉండాది. నీ ఓటు ఇంకా మనూళ్ళోనే కదా. నీకు అంగడి టవున్లో ఉండాది. నిన్నెవురు ఏం చేస్తారు?" అంది.

ఆ మాట నాకు గర్వంగా కూడా అనిపించింది. నిజమే, నన్నెవరు ఏం చేస్తారు. పెన్ను తీసి ఆమె కళ్ళముందరే సంతకం పెట్టాను. ఆమె కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, చదవడం రాకపోయినా, నా సంతకం మీద వేలు పెట్టి మొదట్నించి చివరిదాకా చూసింది. "కండిప్పా, కచ్చితంగా గెలవను రా. గెలిచేదానికి కాదు. ఒక రోజు అందరూ చీటీ మీద కొళాయి బొమ్మ చూడాల. అంతే," అని లేచింది.

నామినేషను వేసిన రెండో రోజు చిన్నాయన నా అంగడికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టింది లేదు. అదే స్టూలు మీద కూర్చున్నాడు. టీ తెప్పించాను. అంగడి బాగుందన్నాడు. నా భార్యను అడిగాడు. ఆమె మా ఊరికి దగ్గర్లోని బాలవాడిలో రోజుకూలి మీద పని చేస్తుంది. ఆ పనిని పర్మనెంటు చేయాలనే ఫైలు ఒకటి ఎప్పట్నుంచో తిరుగుతోంది.

"అమ్మాయి ఫైలు నా చేతి మీదగానే పోతా ఉండాది నాయనా," అన్నాడు. "ఈ మాసం కాకపోతే వచ్చే మాసం. మధ్యలో ఎవురన్నా ఆపితే తప్ప."

నేను టీ గ్లాసు వైపు చూస్తున్నాను.

"ఆ ముసలిది నీ సంతకం యాడ తెచ్చుకున్నిందో నాకు తెలీదు. నువ్వు పెట్టి ఉండవు. మన ఇంటి బిడ్డవి, ఎందుకు పెడతావు? కాయితాలు చూసే రోజు వచ్చి ఆ మాటే చెప్పేసి పో. సుమ్మా, ఊరికే ఒక్క మాట."

నేను పెట్టానని చెప్పలేదు. పెట్టలేదనీ చెప్పలేదు. "సరి చిన్నాయనా," అన్నాను. ఆయన నా భుజం తట్టి, టీ సగమే తాగి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

కాగితాల పరిశీలన కొమ్యూన్ పంచాయతీ ఆఫీసులో. మా ఊరిలాంటి పల్లెలన్నిటికీ అదే ఆఫీసు, బస్సు దారిలోనే ఉంటుంది. వరండా నిండా తెల్ల చొక్కాలు. నీళ్ళత్త ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని, గోడవార నిలబడి ఉంది. రాడ్డు తేలేదు. నన్ను చూసి మొహం విప్పారింది. తనకు తోడుగా వచ్చాననుకుంది.

లోపలికి పిలిచారు. ఆఫీసరు కళ్ళద్దాలు పైకి తోసుకుని, కాగితం నా వైపు తిప్పి తమిళంలో అడిగాడు. "ఈ సంతకం మీదేనా? మీది కాదని ఆక్షేపణ వచ్చింది."

నీళ్ళత్త నా పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గరలో ఉంది. నేను ఆ కాగితం వైపు చూశాను. నా సంతకం నాకే చాలా అందంగా కనబడింది.

"నాది కాదు సార్," అన్నాను.

ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, అయితే దొంగ సంతకమా? ఇది కేసవుతుంది, తెలుసా?"

ఆమె ఒక్క మాట అంటే చాలు. వాడి అంగట్లో, నా కళ్ళముందర, వాడి పెన్నుతో పెట్టినాడు అంటే చాలు. పక్కనే ఇంకో సంతకం పెట్టించి పోల్చినా నేను దొరికిపోతాను. ఆమె నన్ను చూసింది. కోపం కనబడలేదు. నా మొహంలో ఏదో వెతికి, అది లేదని ఖాయం చేసుకున్నట్టుంది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది.

"చదువు రానిదాన్ని సార్. ఎవురు యాడ పెట్టినారో నాకేం తెలుసు. నన్ను తిట్టండి. కేసూ గీసూ వద్దు. ఆ కాయితం తోసేయండి."

ఆఫీసరు తోసిపుచ్చినట్టు రాసి సంతకం చేశాడు. ఆమె తన గుడ్డసంచీ తీసుకుంది. నా పక్కనుంచి పోతూ, తెలుగులో, మెల్లిగా అంది. "ఎండగా ఉండాది. ఊళ్ళోకి నడవొద్దు. ఎవురి బండి మీదన్నా పో రా."

తను నడిచే పోయింది.

వరండాలో టపాకాయలు పేల్చారు. పోటీ లేదు, చిన్నాయన కోడలు గెలిచినట్టే. ఆ పిల్ల మెడలో దండ వేశారు. ఎవరో నా చేతిలో లడ్డు పెట్టారు. నేను తిన్నాను. పారేయొచ్చు, జేబులో పెట్టుకోవచ్చు, వద్దనొచ్చు. తిన్నాను. అది గొంతులో దిగడం ఇప్పటికీ గుర్తుంది. చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కవాళ్ళతో, "మన రక్తం," అన్నాడు. ఆయన అరచెయ్యి చెమటగా ఉంది. చొక్కా మార్చుకున్నా పోని తడిలా అది నా భుజాన చాలా రోజులు ఉన్నట్టే ఉండేది.

నేను ఇంట్లో చెప్పలేదు. నా భార్యకు బాలవాడి దగ్గరే తెలిసింది, పిల్లల్ని దింపడానికి వచ్చిన దక్షిణపు వీధి ఆడవాళ్ళ నోట. ఇంటికొచ్చి చేతిసంచీ కూడా దించకుండా అంది. "నా పనికోసరం చేసినానని మాత్రం చెప్పొద్దు. నేను అడగలా."

వారం తిరగలేదు, ఎన్నికలే ఆగిపోయాయి. రిజర్వేషన్ల కేటాయింపు సరిగా లేదని ఎవరో కోర్టుకు పోయారు. అన్నీ రద్దన్నారు. వేసిన దండలూ పేల్చిన టపాకాయలూ వట్టివైపోయాయి. కోడలు ఫోన్ చేసి, "బావా, బతికిపోయినా," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకున్నాను. ఆ రోజు అవును నాదే అని ఉంటే నాకు ఏమయ్యేది? ఏమీ కాదు. జరగని ఎన్నిక కోసం అబద్ధం చెప్పాను. నా భార్య ఫైలు సంగతి అడగనవసరం లేదు. అది ఎక్కడిదక్కడే ఉంది, చిన్నాయన చేతి మీదగానే పోతూ ఉంది.

తర్వాత ఆరేడు నెలలు ఆమె నా అంగడికి రాలేదు. మనువులు వేరే ఎవరి దగ్గరో రాయించుకుంటోందనుకున్నాను. ఒక రోజు వచ్చింది. స్టూలు లాక్కోలేదు. గల్లా బల్లకు అవతలే నిలబడి, "వాల్వు గుంతకు ఇంకా మూత వెయ్యలేదు. దానికొక కాయితం టైపు చేసిస్తారా?" అంది.

మొదట ఎవరితోనో మాట్లాడుతోందేమో అనుకుని వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆమె నన్ను మీరు అనలేదు. నేను కాలేజీకి పోయినా, పెళ్ళి చేసుకున్నా, నా జుట్టు నెరిసినా ఒరేయ్ అనే పిలిచింది. నేను టైపు చేస్తుంటే బయట రోడ్డు చూస్తూ నిలబడింది. సంతకం పెట్టి, కాగితం నా వైపు తిప్పకుండానే మడిచి సంచీలో పెట్టుకుంది. "వస్తానండీ," అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ సంగతి ఆమెకూ తెలుసనుకుంటాను.

ఆ మూత లేని గుంతలోనే ఆమె పడింది. పని పోయి ఇన్నేళ్ళయినా, పొద్దున్నే రాడ్డేసుకుని పోయి పైపుకు చెవి పెట్టి వినే అలవాటు పోలేదు. వాన నీళ్ళు నిండి గుంత అంచు కనబడలేదట. తుంటి ఎముక విరిగింది. పట్టణంలో పెద్దాసుపత్రికి తెచ్చారు. అన్న కూతురు దగ్గరుంది. నేను అంగడి మూసి చూడబోయాను.

మంచం మీద చాలా చిన్నదైపోయింది. నన్ను గుర్తుపట్టింది. "అంగడి మూసుకోని ఎందుకు వచ్చినారు?" అంది. నేను పళ్ళు పక్కన పెట్టాను. ఎన్నాళ్ళుగానో నోటి చివర ఉన్నది బయటికి వచ్చేసింది.

"అత్తా, ఆ పొద్దు ఆ సంతకం నాదే."

అన్న కూతురు నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. నీళ్ళత్త మాత్రం ఏదో కొత్త విషయం విన్నట్టు చూసింది.

"నాకెందుకు చెప్తారు?" అంది. "నేను చూస్తా ఉంటేనే కదా పెట్టినారు. ఆ సారుకు చెప్పాల."

"చెప్తా అత్తా. తప్పకుండా పోయి చెప్తా."

"సరి," అంది. కళ్ళు మూసుకుని, "ఈ పొద్దు మంగళవారమా? మన తెరువుకు నీళ్ళు వచ్చినాయా, ఫోన్ చేసి అడుగు," అని అన్న కూతురితో అంది. మళ్ళీ నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది.

బ్యానరు ప్రింటుకు పంపించాక, ఆ మధ్యాహ్నం అంగడి మూసి ఊరి బస్సెక్కాను. నేనే ఫోన్ చేసి అడిగితే, సాయంత్రానికి ఎత్తుతారని అన్న కూతురు చెప్పింది. బస్సు నిండుగా ఉంది. ఇద్దరు కూర్చునే సీట్లో నాది చివర. కొమ్యూన్ పంచాయతీ ఆఫీసు ముందర బస్సు ఆగింది. ఆ ఆఫీసరు ఇంకా అక్కడే ఉన్నాడని నాకు తెలుసు. నేను జెరాక్సు తీసే కాగితాల మీద ఆయన సంతకం వారానికి రెండుసార్లయినా చూస్తూనే ఉంటాను. వరండాలో ఎవరూ లేరు. ఆయన గది తలుపు తెరిచే ఉంది. ఎత్తడానికి ఇంకా రెండు గంటలుంది, వెనకనే ఇంకో బస్సు కూడా ఉంది.

"దిగేవాళ్ళు ఇంకెవురన్నా ఉండారా?" అని కండక్టరు రెండుసార్లు అడిగాడు.

కిటికీ పక్కనున్న పెద్దాయన లేచాడు. ఆయన పోవడానికి నేను కాళ్ళు పక్కకు తీసుకున్నాను. ఆయన దిగాక కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను.